ఎంబెడెడ్ ఓఎస్ లో స్టూడెంట్ ప్రాజెక్ట్ కి ఏది పట్టుకోవాలి: ఆర్టెమ్స్, జెఫిర్, నట్ఎక్స్, రయట్

ఈసీఈ వాళ్ళైనా సీఎస్ఈ వాళ్ళైనా థర్డ్ ఇయర్ కి వచ్చేసరికి చాలామంది అడిగే ప్రశ్న ఇదే, ఎంబెడెడ్ లో, అంటే చిన్న చిప్ ల మీద నడిచే సాఫ్ట్‌వేర్ లో, ఓపెన్ సోర్స్ చేద్దామనుకుంటున్నా, వీలైతే జీసాక్ (గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్) కి అప్లై చేద్దామనుకుంటున్నా, ఏ ఓఎస్ పట్టుకోమంటారు అని. అడిగేటప్పటికే మనసులో ఒక పేరు ఉంటుంది, ఎక్కువసార్లు అది జెఫిర్, ఎందుకంటే జాబ్ పోస్టింగుల్లో అదే కనబడుతోంది. జెఫిర్ మంచిదే, కాదనను. కానీ ఓఎస్ పేరు చూసి ఎంచుకోవద్దు అన్నదే నా సలహా. మీరు రాసే కోడ్ మెయిన్ బ్రాంచ్ లోకి, అంటే అందరూ వాడే అసలు కోడ్ లోకి, మెర్జ్ అయ్యే (చేరే) దారి ఎక్కడ దగ్గరగా ఉందో చూసి ఎంచుకోండి. ఎండాకాలం అంతా కూర్చుని రాసింది మీ సొంత ఫోర్క్ (కాపీ) లోనే ఉండిపోతే రెజ్యూమేలో ఒక లైన్ పెరుగుతుంది గానీ ఆ కోడ్ ఇంకెవరి బోర్డు మీదా నడవదు, అదే మెర్జ్ అయితే మీకు అసలు పరిచయమే లేని ఎవరో వాడతారు, అందులో బగ్ దొరికితే మీ పేరు చూసి మిమ్మల్నే అడుగుతారు, అక్కడినుంచి మీరు ఆ ప్రాజెక్ట్ మనిషి అయిపోతారు.

ముందు జీసాక్ సంగతి తొందరగా చెప్పేస్తా. కొత్తవాళ్ళు ఒక మెంటర్ దగ్గర ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ చేసి స్టైపెండ్ తీసుకునే ఈ ప్రోగ్రామ్ ని 2005 నుంచి గూగుల్ నడుపుతోంది, 2022 నుంచి కాలేజీ స్టూడెంటే అయ్యుండాలన్న రూల్ తీసేశారు, 18 నిండి ఓపెన్ సోర్స్ కి కొత్తవాళ్ళైతే చాలు. 90 గంటలు, 175 గంటలు, 350 గంటలు అని మూడు సైజుల్లో ప్రాజెక్టులు ఉంటాయి, స్టైపెండ్ సైజుని బట్టీ దేశాన్ని బట్టీ మారుతుంది. మామూలుగా ఫిబ్రవరి చివర్లో ఆర్గనైజేషన్ల లిస్ట్ వస్తుంది, మార్చి ఏప్రిల్ మధ్య ప్రపోజల్ పెట్టాలి, మే చివర్లోనో జూన్ మొదట్లోనో కోడింగ్ మొదలవుతుంది. మన సెమిస్టర్ పరీక్షలు చాలాసార్లు అప్పుడే వచ్చి పడతాయి. మామూలు గడువు 12 వారాలే అయినా మెంటర్ ఒప్పుకుంటే 22 వారాల దాకా పెంచుకోవచ్చు, కాబట్టి పరీక్షల తేదీలు ప్రపోజల్ లోనే రాసేయండి, దాచిపెట్టి మధ్యలో రెండు వారాలు కనబడకుండా పోతే మెంటర్ కి మీరు వదిలేశారనే అనిపిస్తుంది. ఏ ఆర్గనైజేషన్ ఏ ఏడాది ఉంటుందో గ్యారంటీ లేదు, ప్రతి ఏడాదీ లిస్ట్ మారుతుంది, అందుకే జీసాక్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా లినక్స్ ఫౌండేషన్ వాళ్ళ ఎల్ఎఫ్ఎక్స్ మెంటర్‌షిప్ కూడా చూడండి, అది ఏడాదికి మూడు టర్ములు నడుస్తుంది. ఏ ప్రోగ్రామూ లేకుండా నేరుగా ప్యాచ్ (కోడ్ మార్పు) పంపినా ఎవరూ వద్దనరు.

ఇప్పుడు అసలు విషయం. ఏ ఓఎస్ అయినా సరే, పట్టుకునే ముందు రెండు పరీక్షలు పెట్టండి, రెండూ ఒక శని ఆదివారాల్లో అయిపోతాయి.

మొదటిది, మీ ల్యాప్‌టాప్ మీద బోర్డు లేకుండా దాన్ని నడపగలుగుతున్నారా. అన్ని ప్రాజెక్టులకీ ఏదో ఒక సిమ్యులేటర్ దారి ఉంది గానీ అన్నీ ఒకలా ఉండవు, దాని గురించి కింద వివరంగా చెప్తాను. రెండోది చాలామంది చేయరు కానీ నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, కిందటి రెండు మూడేళ్ళలో ఆ ప్రాజెక్ట్ లో జీసాక్ చేసిన స్టూడెంట్ల ఫైనల్ రిపోర్టులు తీసి, వాళ్ళ పేర్లతో మెయిన్ రిపోజిటరీ గిట్ లాగ్ (ఎవరు ఏ మార్పు చేశారో ఉండే రికార్డ్) లో వెతకండి. గిట్ లాగ్ కి ఆథర్ ఆప్షన్ ఇచ్చి పేరు కొడితే సరిపోతుంది. వాళ్ళ కమిట్లు (చేర్చిన మార్పులు) మెయిన్ లో కనబడుతున్నాయా, ప్రోగ్రామ్ అయిపోయాక కూడా ఒకటీ అరా కమిట్లు ఉన్నాయా, లేకపోతే రిపోర్ట్ లో "ఇంకా రివ్యూలో ఉంది" అని రాసి అక్కడితో ఆగిపోయిందా. ఇది చూస్తే ఆ ప్రాజెక్ట్ స్టూడెంట్ కోడ్ ని ఎంత సీరియస్ గా తీసుకుంటుందో అర్థమైపోతుంది, వెబ్‌సైట్ లో ఎన్ని స్వాగతాలు రాసినా ఇంత నిజం చెప్పవు. దాంతోపాటే మార్పు చేర్చమని పెట్టి ఇంకా మెర్జ్ కాని పుల్ రిక్వెస్టులు, అంటే ఓపెన్ పీఆర్‌లలో కొత్తవాళ్ళవి ఒక పది తీసి మొదటి కామెంట్ ఎన్ని రోజులకి వచ్చిందో చూడండి.

ఇక ఒక్కొక్కటిగా.

జెఫిర్ తో మొదలుపెడదాం, అందరూ అడిగేది అదే కాబట్టి. 2016 లో లినక్స్ ఫౌండేషన్ కింద మొదలైంది, మూలం విండ్ రివర్ కంపెనీ కోడ్, లైసెన్స్ అపాచీ 2.0. ఎన్ఎక్స్‌పీ, నార్డిక్, ఇంటెల్, సిలికాన్ ల్యాబ్స్ లాంటి చిప్ కంపెనీల వాళ్ళు జీతం తీసుకుంటూ దీంట్లో పనిచేస్తారు, నార్డిక్ అయితే డెవలపర్లకి ఇచ్చే వాళ్ళ ఎస్‌డీకేనే దీని మీద కట్టింది. హైదరాబాద్ లో ఎన్ఎక్స్‌పీకి, సిలికాన్ ల్యాబ్స్ కి ఆఫీసులు ఉన్నాయి, కాబట్టి ఇక్కడే ఉద్యోగం చూసుకోవాలనుకునేవాళ్ళకి ఇది పనికొచ్చే లెక్కే. సపోర్ట్ చేసే బోర్డులు వందల్లో ఉన్నాయి, కేకాన్ఫిగ్ (ఏ ఫీచర్లు బిల్డ్ చేయాలో ఎంచుకునేది), డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో రాసేది) రెండూ లినక్స్ కెర్నెల్ లో వాడే పద్ధతులే కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది లినక్స్ లోనూ ఉపయోగపడుతుంది.

కానీ జెఫిర్ లో మొదటి నెల కష్టంగా ఉంటుంది, ఎందుకో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఐటూసీ అనే రెండు వైర్ల లింక్ మీద పనిచేసే ఒక చిన్న టెంపరేచర్ సెన్సార్ కి డ్రైవర్ రాశారనుకోండి. సీ ఫైల్ డ్రైవర్స్ ఫోల్డర్ లో సెన్సార్ కింద ఆ కంపెనీ పేరు మీద ఉన్న ఫోల్డర్ లో పెట్టాలి, దానికి కేకాన్ఫిగ్ ఎంట్రీ, సీమేక్ (బిల్డ్ టూల్) ఎంట్రీ రాయాలి, డివైస్ ట్రీ బైండింగ్ అని ఒక యామల్ ఫైల్ విడిగా రాయాలి, అందులో కంపాటిబుల్ అనే లైన్ సీ ఫైల్ లో మీరు డిఫైన్ చేసినదానికి సరిపోవాలి, ఒక్క అక్షరం తేడా వస్తే డ్రైవర్ అసలు కంపైల్ లోకే రాదు, ఎర్రర్ కూడా ఎక్కడో సంబంధం లేని చోట కనబడుతుంది. ఆ తర్వాత సెన్సార్లన్నీ ఒకేసారి బిల్డ్ చేసే టెస్ట్ ఒకటుంది, దాంట్లో కూడా మీ సెన్సార్ ని చేర్చాలి. ఇవన్నీ చేసి పీఆర్ పెడితే ముందు రోబోలు, అంటే ఆటోమేటిక్ చెక్ లు, చూస్తాయి, కమిట్ మెసేజ్ మొదటి లైన్ "డ్రైవర్స్, సెన్సార్, పార్ట్ పేరు" అనే క్రమంలో కోలన్లతో ఉందా, కింద మీ అసలు పేరుతో సైన్డ్ ఆఫ్ బై లైన్ ఉందా, కోడ్ స్టైల్ సరిగ్గా ఉందా అని. అవన్నీ పచ్చగా మారాకే మనుషులు చూస్తారు, కనీసం ఇద్దరు అప్రూవ్ చేయాలి. రిలీజ్ దగ్గరపడితే ఫీచర్ ఫ్రీజ్ పెడతారు, అప్పుడు మీ కొత్త డ్రైవర్ ఎంత బాగున్నా కొన్ని వారాలు ఆగాల్సిందే, కాబట్టి టైమ్‌లైన్ వేసుకునేటప్పుడు రిలీజ్ క్యాలెండర్ పక్కన పెట్టుకోండి.

ఇంత చెప్పింది భయపెట్టడానికి కాదు. ఒక్క డ్రైవర్ ఈ దారిలో మొత్తం దాటించారంటే ఏ కంపెనీలో అయినా కోడ్ రివ్యూ అంటే ఏంటో మీకు ఇంక విడిగా ఎవరూ నేర్పక్కర్లేదు. సిమ్యులేటర్ సంగతికొస్తే క్యూఎము అనే ఎమ్యులేటర్ మీద కార్టెక్స్ ఎం3 బోర్డు, ఎక్స్86 బోర్డు నడుస్తాయి, నేటివ్ సిమ్ అని మీ లినక్స్ లో ప్రోగ్రామ్ లాగానే నడిచేది కూడా ఉంది, ఐటూసీ సెన్సార్లకి ఎమ్యులేటర్లు రాసుకునే పద్ధతి ఉంది కాబట్టి కొంత వరకు బోర్డు లేకుండానే టెస్ట్ చేయొచ్చు. ఒక్క జాగ్రత్త, జెఫిర్ వాళ్ళ వెస్ట్ అనే టూల్ లో అప్డేట్ కొట్టగానే అన్ని కంపెనీల హ్యాల్ (చిప్ హార్డ్‌వేర్ తో మాట్లాడే) కోడ్ లాగుతుంది, కంపైలర్ టూల్‌చైన్ తో కలిపితే కొన్ని జీబీలు అవుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద హాస్టల్ లో కూర్చుని చేసేవాళ్ళు న్యారో ఆప్షన్ ఇచ్చి, డెప్త్ ఒకటి పెట్టి లాగండి, చాలా తగ్గుతుంది.

ఆర్టెమ్స్ దగ్గరకొస్తే నాకు దీని మీద కొంచెం ప్రేమ ఎక్కువ, ముందే చెప్తున్నా. 1980ల చివర్లో అమెరికా సైన్యం మిస్సైల్ విభాగం కోసం మొదలైన రియల్ టైమ్ ఓఎస్ (ప్రతి పనీ గడువులోపే జరిగేలా చూసేది, ఆర్టాస్ అంటారు) ఇది, ఈరోజుకీ బతికుంది, బతకడమే కాదు అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ లో ఎలెక్ట్రా అనే రేడియో లోపల నడుస్తోంది, పార్టికల్ యాక్సిలరేటర్లలో వాడే ఎపిక్స్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ కింద కూడా ఇది ఉంటుంది. 2008 నుంచి జీసాక్ లో పాల్గొంటూ వస్తున్న ప్రాజెక్ట్. మెయింటైనర్లు (కోడ్ చూసి చేర్చుకునేవాళ్ళు) కొద్దిమందే, కానీ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళు, ఒక ప్రశ్న అడిగితే ఆ ఫంక్షన్ అలా ఎందుకుందో పాతికేళ్ళ కిందటి కారణంతో సహా చెప్పగలిగినవాళ్ళు. స్టూడెంట్ కి ఇది ఎంత విలువైనదో మాటల్లో చెప్పలేను.

వీళ్ళ దగ్గర నాకు బాగా నచ్చే పద్ధతి ఒకటుంది, అప్లై చేసేవాళ్ళని ముందు హలో వరల్డ్ చేసి చూపించమంటారు. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది. కానీ ముందు ఆర్టెమ్స్ సోర్స్ బిల్డర్ తో స్పార్క్ ప్రాసెసర్ కోసం జీసీసీ కంపైలర్ టూల్‌చైన్ మొత్తం సోర్స్ నుంచి కట్టుకోవాలి, పాత ల్యాప్‌టాప్ అయితే దీనికే గంటలు పడుతుంది, తర్వాత వాఫ్ అనే బిల్డ్ టూల్ తో ఓఎస్ ని బిల్డ్ చేయాలి, ఈఆర్‌సీ32 అనే బీఎస్పీ (ఒక బోర్డు మీద ఓఎస్ నడవడానికి కావాల్సిన కోడ్) కోసం, ఈఆర్‌సీ32 అంటే యూరప్ స్పేస్ ఏజెన్సీ వాళ్ళ కోసం తయారైన ప్రాసెసర్. ఆ తర్వాత సిస్ అనే సిమ్యులేటర్ లో ఆ శాంపిల్ ని నడిపితే స్క్రీన్ మీద బిగిన్ ఆఫ్ టెస్ట్ అని నక్షత్రం గుర్తుల మధ్య ఒక లైన్, హలో వరల్డ్, ఎండ్ ఆఫ్ టెస్ట్ అని ఇంకో లైన్ వస్తాయి. ఆ మెసేజ్ ని మీరు మార్చి, ఆ మార్పుని గిట్ ప్యాచ్ గా తీసి, అవుట్‌పుట్ తో పాటు చూపించాలి. అంటే ఒక్క పనిలో క్రాస్ కంపైలర్, బీఎస్పీ, సిమ్యులేటర్, గిట్ నాలుగూ మీకు వచ్చో రాదో తేలిపోతుంది. మీరు ఆర్టెమ్స్ కి అప్లై చేయకపోయినా ఈ పని ఒక్కసారి చేసి చూడండి, ఎంబెడెడ్ పని మీకు నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది.

ప్రాజెక్ట్ ఐడియాలు ఇక్కడ ఎక్కువగా కొత్త బీఎస్పీలు, పాజిక్స్ (యునిక్స్ తరహా ఓఎస్ ల ఉమ్మడి స్టాండర్డ్) లో ఉండి ఆర్టెమ్స్ లో ఇంకా లేని ఫంక్షన్లు, టెస్టింగ్ టూల్స్, ఫ్రీబీఎస్డీ నుంచి తెచ్చిన నెట్‌వర్క్ స్టాక్ చుట్టూ ఉంటాయి. పాజిక్స్ ఫంక్షన్ పని చూడ్డానికి చప్పగా ఉంటుంది గానీ మెర్జ్ అవ్వడానికి దీన్ని మించిన దారి లేదు, ఎందుకంటే ఆ ఫంక్షన్ ఎలా ప్రవర్తించాలో స్టాండర్డ్ లోనే రాసి ఉంటుంది, వాదన ఉండదు, దానికి టెస్ట్ రాస్తే అది సరిగ్గా ఉందో లేదో అందరికీ కనబడుతుంది, పైగా సిమ్యులేటర్ చాలు, బోర్డు అక్కర్లేదు. ఇంటర్నెట్ లో దొరికే పాత గైడ్లు ప్యాచ్ ఈమెయిల్ లో పంపమని చెప్తాయి, 2024 లో వాళ్ళు సొంత గిట్‌ల్యాబ్ కి మారారు, ఇప్పుడు మెర్జ్ రిక్వెస్టే పెట్టాలి. ఇక లోటు ఏంటంటే, ఇక్కడి కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో ఆర్టెమ్స్ పేరు అరుదు. కానీ ఇంటర్వ్యూలో షెడ్యూలర్ (ఏ టాస్క్ ఎప్పుడు నడవాలో తేల్చేది) గురించో, కాంటెక్స్ట్ స్విచ్ (ఒక టాస్క్ నుంచి ఇంకోదానికి మారడం) గురించో అడిగితే ఆర్టెమ్స్ చేసినవాళ్ళు తడుముకోకుండా చెప్తారు.

నట్ఎక్స్ 2007 లో గ్రెగరీ నట్ ఒక్కరే మొదలుపెట్టి ఏళ్ళ తరబడి నడిపిన ఓఎస్, 2019 చివర్లో అపాచీ ఇంక్యుబేటర్ లోకి వెళ్ళి 2022 లో టాప్ లెవల్ ప్రాజెక్ట్ అయింది. డ్రోన్ క్లబ్ వాళ్ళకి ఇది తెలియకుండానే తెలుసు, పిక్స్‌హాక్ ఫ్లైట్ కంట్రోలర్ బోర్డులో పీఎక్స్4 అనే ఆటోపైలట్ వేస్తే కింద నడిచేది నట్ఎక్స్, అదే బోర్డులో ఆర్డూపైలట్ వేస్తే కింద ఉండేది చిబీఓఎస్ అనే ఇంకో ఓఎస్. సోనీ స్ప్రెసెన్స్ బోర్డు, షావోమీ వేలా కూడా నట్ఎక్స్ మీదే కట్టారు. దీని గొప్ప సుఖం ఏంటంటే సిమ్ (సిమ్యులేటర్) కాన్ఫిగరేషన్ ఎంచుకుని మేక్ కొట్టి, వచ్చిన ప్రోగ్రామ్ నడిపితే కొద్ది నిమిషాల్లో మీ లినక్స్ టెర్మినల్ లోనే దాని షెల్ ఎన్ఎస్‌హెచ్ ప్రాంప్ట్ వచ్చేస్తుంది, హెల్ప్ కొడితే కమాండ్లు, పీఎస్ కొడితే టాస్కులు, ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్ లో బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ అక్కడ కదులుతూ కనబడతాయి. లినక్స్ లో సీ ప్రోగ్రామ్ రాయడం వచ్చినవాళ్ళకి అలవాటైన పాజిక్స్ కాల్సే అన్నీ, పాజిక్స్ దాటి పోకూడదన్నది వీళ్ళు రాసిపెట్టుకున్న నియమాల్లో ఒకటి. కోడ్ స్టైల్ మాత్రం వేరు, బ్రాకెట్లు సొంత లైన్ లో, ఇంకో రెండు స్పేసులు లోపలికి, వాళ్ళ ఎన్ఎక్స్ స్టైల్ టూల్ తో ప్రతి ఫైల్ చెక్ చేసుకునే పంపండి. జీసాక్ లో ఇది విడిగా కనబడదు, అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పేరు కింద వెతకాలి, చాలామంది లిస్ట్ లో నట్ఎక్స్ పేరు లేదనుకుని వదిలేస్తారు, అందుకే పోటీ కాస్త తక్కువ కూడా.

రయట్ యూరప్ యూనివర్సిటీల బిడ్డ, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ, ఫ్రాన్స్ ఇన్రియా, హ్యాంబర్గ్ హెచ్ఏడబ్ల్యూ కలిసి పెంచాయి, 2013 నుంచి ఈ పేరుతో ఉంది. చాలా చిన్న మైక్రోకంట్రోలర్లలో ఐపీవీ6 (ఇంటర్నెట్ ప్రోటోకాల్ కొత్త వెర్షన్) నడిపించడమే దీని అసలు పట్టు. ఐఓటీ నెట్‌వర్కింగ్ మీద ఇష్టం ఉంటే, లేదా ఎంఎస్ కి జర్మనీ ఆలోచన ఉంటే, ఇది తప్పకుండా చూడండి. రెండు టెర్మినళ్ళు తెరిచి, వాళ్ళే ఇచ్చిన ట్యాప్ (వర్చువల్ నెట్‌వర్క్) సెటప్ స్క్రిప్ట్ నడిపి, నెట్‌వర్కింగ్ ఎగ్జాంపుల్ ని నేటివ్ బోర్డు మీద రెండు కాపీలు నడిపిస్తే, ఒకదాంట్లో ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టి అడ్రస్ తీసుకుని రెండోదాంట్లోంచి పింగ్ చేయొచ్చు, రెండు ఐఓటీ నోడ్లు మీ ల్యాప్‌టాప్ లోపలే మాట్లాడుకుంటాయి, పైసా ఖర్చు లేదు. పక్కన ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ టూల్ తెరిచి పెట్టుకుంటే నైబర్ డిస్కవరీ ప్యాకెట్లు వరసగా కనబడతాయి. లైసెన్స్ ఎల్‌జీపీఎల్ (ఓఎస్ కోడ్ లో చేసిన మార్పులు పంచుకోవాలనే షరతున్నది) కావడం వల్ల కొన్ని కంపెనీలు ప్రొడక్ట్ లోకి తీసుకోవడానికి ఆలోచిస్తాయి, కానీ చదువుకునేవాళ్ళకి అది అడ్డు కాదు.

ఫ్రీఆర్టాస్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తా. అందరి కంటే ఎక్కువగా తెలిసిన పేరు, 2003 లో రిచర్డ్ బారీ మొదలుపెట్టారు, 2017 నుంచి అమెజాన్ దగ్గర ఉంది, ఎంఐటీ లైసెన్స్. కెర్నెల్ గుండెకాయ అంతా టాస్క్స్, క్యూ, లిస్ట్ అనే మూడు సీ ఫైళ్ళలోనే ఉంటుంది. చదవడానికి ఇంతకంటే మంచిది లేదు, ముఖ్యంగా మెమరీ ఇచ్చి పుచ్చుకునే హీప్ ఫైళ్ళు ఒకటి నుంచి ఐదు దాకా వరసగా చదవండి, హీప్ ఒకటి అసలు ఫ్రీ చేయదు, హీప్ నాలుగు పక్కపక్క ఖాళీలని కలిపేస్తుంది, మెమరీ ఫ్రాగ్మెంటేషన్ (ఖాళీ మెమరీ చిన్న చిన్న ముక్కలైపోవడం) అంటే ఏంటో అక్కడ కళ్ళతో చూడొచ్చు. కానీ స్టూడెంట్ ప్రాజెక్ట్ గా వద్దంటాను, చిన్నగా, స్థిరంగా ఉంచడమే దాని లక్ష్యం కాబట్టి కొత్తగా చేర్చడానికి చోటు తక్కువ. చదవడానికి ఇది, రాయడానికి పైవాటిలో ఒకటి.

లినక్స్ కెర్నెల్ ఎంబెడెడ్ కిందకి వస్తుందా అంటే కచ్చితంగా వస్తుంది, 6.12 వెర్షన్ తో ప్రీఎంప్ట్ ఆర్టీ (రియల్ టైమ్ సపోర్ట్) కూడా మెయిన్‌లైన్ లోకి వచ్చేసింది. ఐఐఓ అనే సెన్సార్ల సబ్‌సిస్టమ్ కొత్తవాళ్ళకి మంచి చోటు. ప్యాచ్ లు ఈమెయిల్ లోనే వెళ్తాయి, గిట్ సెండ్ ఈమెయిల్ సెటప్ చేసుకోవాలి, కోడ్ స్టైల్ చూసే చెక్‌ప్యాచ్ నడపాలి, ఎవరికి పంపాలో గెట్ మెయింటైనర్ స్క్రిప్ట్ చెప్తుంది. లినక్స్ ఫౌండేషన్ వాళ్ళ ఎల్ఎఫ్‌డీ103 అనే ఫ్రీ కోర్స్ ఇవన్నీ నేర్పుతుంది. సీ లో పాయింటర్లు, స్ట్రక్చర్లు ఇంకా తడబడుతుంటే మాత్రం ముందు ఇక్కడికి రావద్దు, ఆర్నెల్లు పైవాటిలో ఒకదాంట్లో గడిపి రండి.

ఓఎస్ తేల్చుకున్నాక అందులో ఏ పని తీసుకోవాలన్నది ఇంకా పెద్ద నిర్ణయం. కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరికీ కొత్త షెడ్యూలర్ రాయాలని ఉంటుంది, పుస్తకంలో చదివింది అదే కాబట్టి. దయచేసి మొదటి ప్రాజెక్ట్ గా అది వద్దు. షెడ్యూలర్ లో, మ్యూటెక్స్ (ఒకసారి ఒక టాస్క్ కే దారిచ్చే తాళం) లో ఒక్క లైన్ మారిస్తే అన్ని బోర్డుల మీదా, అన్ని అప్లికేషన్ల మీదా ప్రభావం పడుతుంది కాబట్టి మెయింటైనర్లు నెలల తరబడి ఆలోచిస్తారు, ఆలోచించాలి కూడా. 1997 లో అంగారకుడి మీద దిగిన నాసా పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అయింది, కారణం ప్రయారిటీ ఇన్వర్షన్, అంటే తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్క్ తాళం పట్టుకుని ఉండటంతో ముఖ్యమైన టాస్క్ ఆగిపోవడం, ఒక మ్యూటెక్స్ కి ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (తాళం పట్టుకున్న టాస్క్ కి తాత్కాలికంగా పై ప్రాధాన్యం ఇవ్వడం) ఆన్ చేస్తే సర్దుకుంది, దాంట్లో ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అనే వేరే ఓఎస్ అయినా పాఠం ఏ ఆర్టాస్ కైనా అదే. కోర్ లో ఒక చిన్న సెట్టింగ్ విలువ అంత. డ్రైవర్ అయితే దాని ఫోల్డర్ లో అది ఉంటుంది, తప్పున్నా ఇంకెవరికీ ఇబ్బంది లేదు, రివ్యూ చేసేవాళ్ళు ధైర్యంగా సరే అంటారు.

బీఎస్పీ పోర్ట్ అంటే కొత్త బోర్డు మీద ఓఎస్ ని మొదటిసారి లేపడం, యూఆర్టీ (సీరియల్ పోర్ట్) లోంచి మొదటి అక్షరం వచ్చినప్పుడు ఉండే ఆనందం ఇంకే పనిలోనూ ఉండదు. కానీ ఒక మాట ముందే అడగండి, ఆ బోర్డు మీ మెంటర్ దగ్గర ఉందా. మన దేశంలో తయారైన రిస్క్ ఫైవ్ (ఓపెన్ ప్రాసెసర్ స్టాండర్డ్) చిప్ లు, ఐఐటీ మద్రాస్ శక్తి, సీడాక్ వేగా, వీటికి పోర్ట్ చేద్దామనే ఉత్సాహం చాలామందిలో చూస్తున్నా, నాకూ చాలా ఇష్టమైన ఆలోచన, జరగాల్సిన పని కూడా. అయితే బెర్లిన్ లోనో అలబామాలోనో కూర్చున్న మెయింటైనర్ దగ్గర ఆ బోర్డు లేకపోతే మీ కోడ్ నడుస్తుందని ఆయన ఎలా నమ్మాలి. దీనికి దారి ఉంది, ముందు క్యూఎములో ఉన్న రిస్క్ ఫైవ్ వర్ట్ మెషీన్ మీద నడిచే భాగం విడిగా పంపి మెర్జ్ చేయించుకోండి, బోర్డుకే ప్రత్యేకమైన భాగం చిన్న చిన్న ముక్కలుగా, ప్రతిదానికీ టెస్ట్ లాగ్ జతచేసి తర్వాత పంపండి, ఆ బోర్డు ఫైళ్ళకి ఇకమీదట నేనే మెయింటైనర్ గా ఉంటానని కూడా చెప్పండి. చెప్పడమే కాదు, ఉండండి.

టెస్టులు, సీఐ (ప్రతి మార్పునీ ఆటోమేటిక్ గా టెస్ట్ చేసేది), కవరేజ్ (కోడ్ లో ఎంత భాగం టెస్ట్ అయిందో చూడటం) పనులు ఎవరూ ఇష్టపడరు గానీ మెయింటైనర్లు వీటికోసం ఎదురుచూస్తుంటారు, 90 గంటల ప్రాజెక్ట్ కి సరిగ్గా సరిపోతాయి.

బోర్డు కొనాల్సి వస్తే డబ్బులు ఎక్కువ పోయక్కర్లేదు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే చవక బ్లూ పిల్ బోర్డు చూసి ఆశపడొద్దు, వాటిలో చాలాసార్లు అసలు ఎస్‌టీ చిప్ ఉండదు, కాపీ చిప్ ఉంటుంది, బగ్ మీ కోడ్ లో ఉందో చిప్ లో ఉందో తెలియక రాత్రులు పోతాయి. కొంచెం ఎక్కువ పెట్టి ఎస్‌టీ న్యూక్లియో తీసుకోండి, డీబగ్గర్ దాని మీదే ఉంటుంది. లేదా రెండు రాస్‌బెరీ పై పికోలు కొనండి, ఒకటి టార్గెట్, రెండోది డీబగ్ ప్రోబ్. ఈఎస్పీ32 కూడా మంచిదే, జెఫిర్ లో దాని వైఫై కావాలంటే దాని కంపెనీ ఎస్ప్రెసిఫ్ ఇచ్చే బైనరీ బ్లాబ్ లు (సోర్స్ లేని రెడీమేడ్ ఫైళ్ళు) విడిగా తెచ్చుకోవాలని గుర్తుంచుకోండి. వైర్ల మీద సిగ్నల్స్ చూపించే లాజిక్ ఎనలైజర్ చవక క్లోన్ అయినా ఒకటి ఉంచుకుంటే ఐటూసీ లో యాక్ (అందిందన్న జవాబు) వచ్చిందో లేదో అక్కడే తేలిపోతుంది.

నన్ను ఒక్కటి చెప్పమంటే, సెకండ్ ఇయర్ లో ఉండి సీ ఇప్పుడిప్పుడే గట్టిపడుతున్నవాళ్ళకి నట్ఎక్స్, లోపల ఏం జరుగుతుందో పూర్తిగా తెలుసుకోవాలన్న తపన, ఓపిక రెండూ ఉన్నవాళ్ళకి ఆర్టెమ్స్, నెట్‌వర్కింగ్ వాళ్ళకి రయట్, ఫైనల్ ఇయర్ కి వచ్చేసి ఉద్యోగం దగ్గరపడినవాళ్ళకి జెఫిర్ అంటాను. ఒకటే పట్టుకోండి. నాలుగింటిలో నాలుగు స్పెల్లింగ్ కరెక్షన్లు పంపడం కంటే ఒకదాంట్లో ఒక బగ్ పూర్తిగా తవ్వడం మేలు.

ఎంచుకున్నాక మెంటర్ కి పంపే మొదటి మెసేజ్ గురించి కూడా చెప్పి ఆపేస్తా, ఎందుకంటే చాలామంచి పిల్లలు ఇక్కడే వెనకబడిపోతున్నారు. "డియర్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్, ప్లీజ్ గైడ్ మీ" అని రాస్తే దానికి జవాబు ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. విదేశీ మెయింటైనర్లకి సర్ అక్కర్లేదు, పేరుతో పిలిస్తే ఏమీ అనుకోరు. ఏం బిల్డ్ చేశారో, ఏ కమిట్ మీద, ఏ సిమ్యులేటర్ లో నడిపారో, ఏ ఐడియా చూశారో, దానికోసం ఏ ఫైల్ చదివారో, ఎక్కడ అర్థం కాలేదో రాయండి, నాలుగైదు వాక్యాలు చాలు. ప్రైవేట్ గా కాకుండా ప్రాజెక్ట్ అందరికీ కనబడే ఛానెల్ లో పెట్టండి, మెంటర్ నిద్రపోతున్నా ఇంకెవరో జవాబిస్తారు. చాట్‌బాట్ తో రాయించిన ప్రపోజల్ పంపొద్దు, లేని ఫంక్షన్ పేర్లు అందులో కనబడగానే మూసేస్తారు. ఇంగ్లీష్ లో తప్పులుంటే ఉండనీయండి, అర్థమైతే చాలు. ఇదంతా డిసెంబర్ లోనో జనవరిలోనో చేస్తే మెంటర్ దగ్గర తీరిక ఉంటుంది, మీ మొదటి చిన్న ప్యాచ్ ప్రపోజల్ గడువు నాటికే మెర్జ్ అయి ఉంటుంది, ప్రపోజల్ లో పైనే దాని లింక్ పెట్టుకోవచ్చు.